పేరు తెలియని దేవుడికి బెల్లం ముక్క

"బొమ్మ అనకమ్మా" అని ఆ పిల్లకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "సారీ ఆంటీ" అంది, మళ్ళీ బొమ్మే అంది. ఇక ఊరుకున్నాను. ఈ మధ్య నాకు విసుగు తొందరగా వస్తోంది, అంత తొందరగానూ చల్లారిపోతోంది. కోపాన్ని నిలబెట్టుకోవడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి కదా. పిల్ల పేరు స్రవంతి. కోనసీమలో గోదావరి గట్టున ఉన్న ఒక రిసార్టులో పనిచేస్తుందట. రాజమండ్రిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఆయాసపడుతూ మెట్లెక్కి, ఇచ్చిన మంచినీళ్ళు సగం కూడా తాగకుండానే ఫోను తీసి ఒక పాత ఫొటో చూపించింది. కొవ్వూరులో ఒక తోట, తోటలో తాటాకు పందిరి, పందిరి ముందు వరసగా నాలుగు చెక్క విగ్రహాలు. మొహం నిండా నోరు, నోటి నిండా పళ్ళు. ఫొటో అంచున ఒక మనిషి సగమే పడ్డాడు. ఒక భుజం, మోచేతి పైకి మడిచిన చొక్కా, ఒక చెయ్యి. ఆ చెయ్యి మా నాన్నది. "ఈ నాలుగింటిలో ఒకటి మీ దగ్గరుందని మా ఓనరు గారు చెప్పారండి. ఆ తోట వాళ్ళ తాతగారిదేనండి" అంది.

ఏడాదికోసారి వాళ్ళు టికి పండుగ చేస్తారట. టికి అంటే ఏంటమ్మా అని అడిగాను. పసిఫిక్ సముద్రంలో ద్వీపాలున్నాయి ఆంటీ, అక్కడి వాళ్ళు చెక్కుకునే విగ్రహాల్ని టికి అంటారు, ఒకప్పుడు అమెరికా వాళ్ళకి ఆ ద్వీపాల పిచ్చి పట్టి ఆకుల కప్పుతో హోటళ్ళు కట్టుకుని, లోపల ఈ విగ్రహాలు నిలబెట్టి, అనాసకాయ తొలిచి అందులో మందు పోసుకుని తాగుతూ గిటారు వింటూ కూర్చునేవారు, ఆ పాత ఫ్యాషను ఇప్పుడు మళ్ళీ తిరిగొచ్చింది, దాన్నే రెట్రో అంటాం అని ఓపిగ్గా చెప్పింది. నేను తలూపాను. ఆ పిల్లకేం తెలుసు, ఆ రెట్రోలో నేను పన్నెండేళ్ళ ఆడపిల్లగా రెండు జడలేసుకుని తిరిగానని. చెప్పాలంటే చాలా చెప్పాలి. ఆ పూట నాకంత ఓపిక లేదు. ఆలోచించి చెబుతానని పంపేశాను. ఆ పిల్ల వెళ్ళాక మాత్రం కొవ్వూరు ఇల్లు ఒకటే గుర్తుకు రావడం మొదలుపెట్టింది.

రేవుకి వెళ్ళే వీధిలో మాది పెంకుటిల్లు. నాన్న వడ్రంగి. వీధి అరుగంతా ఆయన పనిచోటే. మా ఇంట్లో అన్నానికి చెక్క వాసన ఉండేది. చిత్రిక పట్టిన పొట్టుతోనే అమ్మ పొయ్యి రాజేసేది కాబట్టి, నాన్న ఏ చెక్క మీద పనిచేస్తున్నాడో మాకు కూరలో తెలిసిపోయేది. టేకు రోజులు బాగుండేవి. వేప రోజుల్లో పొగ చేదుగా ఉండి చారుకి కూడా ఆ చేదు పట్టేది, "ఎప్పటికవుతుందండీ ఈ వేప?" అని అమ్మ సణిగేది. నాన్న పొద్దున్నే ఉలులన్నీ తుడిచి, ఒక్కోదాన్నీ కళ్ళకద్దుకుని చాప మీద పరిచేవాడు. పొరపాటున నేను గానీ తమ్ముడు గానీ ఉలిని దాటితే వెనక్కి దాటించి, దానికి దణ్ణం పెట్టించేవాడు. తలుపులు, మంచాలు, బళ్ళు అన్నీ చేసేవాడు గానీ ఆయనకి పేరొచ్చింది మాత్రం గుడి వాహనాలకీ, పోతురాజు కొయ్యలకీ. చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మవారి గుడి ముందు కొత్త పోతురాజుని నిలబెట్టాలంటే మా అరుగు మీదికే వచ్చేవారు. విగ్రహమంతా అయ్యాక కూడా కళ్ళ చోటు నున్నగా వదిలేసేవాడు. మంచి రోజు చూసుకుని, తెల్లవారకముందే తలస్నానం చేసి, తడిబట్టతో వచ్చి కూర్చుని, చిన్న ఉలితో కళ్ళు తెరిచేవాడు. ఆ సమయంలో ఎదురుగా ఎవరూ ఉండకూడదు. తెరిచిన వెంటనే నోటికి బెల్లం ముక్క అందించేవాడు. కళ్ళు తెరిచినదాన్ని ఆకలితో ఉంచకూడదనేది ఆయన పట్టింపు. అప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి పెట్టే మనిషి ఉండాలి. గుడిలో అయితే పూజారి ఉంటాడు కాబట్టి నాన్నకి ఆ బెంగ ఉండేది కాదు.

మిల్లు రాయుడుగారు మా అరుగు మీదికి రావడం నాకు బాగా గుర్తుంది. కొవ్వూరులో ఆయనకి రైసుమిల్లు, గోదావరి ఒడ్డున మామిడితోట ఉండేవి. ఓడెక్కి ఎక్కడెక్కడో తిరిగొచ్చిన మనిషి. వస్తూ ఒక రంగుల పుస్తకం తెచ్చుకున్నాడు. తోటలో ఏటా చలికాలంలో హవాయి సంబరం చేస్తానని, దానికి ఇలాంటివి నాలుగు కావాలని పుస్తకం తెరిచి చూపించాడు. నాన్న ఆ పేజీని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇది మన పోతురాజేనండి. నోరు కాస్త పెద్దది, అంతే" అన్నాడు.

"దేవుడు కాదోయ్ ఆచారీ, ఊరికే అలంకారం. మనవాళ్ళు కూర్చుని సరదాగా కబుర్లు చెప్పుకునేచోట నిలబెడతాం" అన్నాడు రాయుడుగారు నవ్వుతూ.

"అలాగేనండి" అన్నాడు నాన్న. నెల రోజులు మా ఇంట్లో చారు చేదుగానే ఉంది.

పొరపాటు చివర్లో జరిగింది. పొరపాటంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు, అమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ దాన్ని పొరపాటనే అంది. విగ్రహాలు నాలుగూ పూర్తయ్యాయి, కళ్ళు తప్ప. రాయుడుగారి మనిషి వచ్చి రెండు కన్నాలు పొడిచి ఇచ్చెయ్యమని తొందరపెట్టాడు. నాన్న చిన్న ఉలి తీసుకున్నాడు, పెట్టేశాడు, మళ్ళీ తీసుకున్నాడు. చెయ్యి రాలేదు. మర్నాడు చీకటి ఉండగానే నూతి దగ్గర నీళ్ళ చప్పుడుకి మెలకువొచ్చి లేచాను. అమ్మ గడపలో నిలబడి గట్టిగానే అడిగింది. "మందు తాగేచోట పెట్టేదానికి ముహూర్తమేంటండీ? మతి ఉందా మీకు?"

"కన్ను కన్నే కదే" అన్నాడు నాన్న. నలభై ఏళ్ళుగా చేతికి ఒకటే పద్ధతి తెలుసు, స్నానం లేకుండా కన్ను తెరవడం ఆ చేతికి రాదు, అంతకు మించి అందులో ఏమీ లేదు. నాలుగింటికీ తెరిచాడు, నాలుగింటికీ బెల్లం పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది ఆయనకి, అవి ఎక్కడికి వెళ్తున్నాయో. అరుగు అంచున కూలబడి తలపట్టుకున్నాడు. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది.

ఆ రోజే సంబరం. సాయంత్రం విగ్రహాలు సరిగ్గా నిలబెట్టడానికి నాన్న వెళుతుంటే నేనూ వెంటపడ్డాను. అబ్బో, ఏం తోటండీ అది! కాగడాలు, తాటాకు పాకలు, గోగునారతో చేసిన లంగాలు కట్టుకున్న ఆడవాళ్ళు, గ్రామఫోనులో సాగతీసినట్టు మోగే గిటారు. కడియం నుంచి పూలవాళ్ళు బుట్టల కొద్దీ దండలు తెచ్చారు. వచ్చిన ప్రతి మనిషి మెడలోనూ ఇంటావిడ దండ వెయ్యడం చూసి, ఆ పూలమ్మిలు పమిటలు నోటికడ్డం పెట్టుకుని "ఓరి నాయనోయ్, ఎవరికి పడితే వాళ్ళకి దండేసేస్తుందేంటే ఈవిడ, ఎంతమందినే చేసుకుంటుంది?" అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. ఆయన విగ్రహాల్నే చూస్తున్నాడు. సూటు వేసుకున్న ఒకాయన గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఒక విగ్రహం నెత్తిన పెట్టాడు. ఇంకొకాయన మాట్లాడుతూ మాట్లాడుతూ సిగరెట్టుని దాని నోట్లో కుక్కి ఆర్పాడు. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వణుకుతోంది. పొద్దున్న బెల్లం పెట్టిన నోరది.

మర్నాడు వెళ్ళి రాయుడుగారిని బతిమాలాడు. "అయ్యా, అవి నాకిచ్చెయ్యండి. కళ్ళు లేనివి వేరే చేసిస్తాను" అన్నాడట. రాయుడుగారికి అర్థం కాలేదు. మంచి మనిషే, మా నాన్నంటే గౌరవమున్న మనిషే. "బాగా కుదిరాయోయ్, వచ్చే ఏటికి కావద్దూ?" అని భుజం తట్టి పంపేశాడు. అప్పుడు నాన్న పూజారి దగ్గరికి వెళ్ళాడు. విగ్రహంలోంచి దేవుణ్ణి మంత్రంతో కలశంలోకి దింపే పద్ధతి ఉంటుంది, గుళ్ళో పాత విగ్రహం మార్చేటప్పుడు చేస్తారు. అదేదో వీటికీ చెయ్యమని అడిగాడు. ఆయన పాపం శ్రద్ధగానే విన్నాడు. విని, "పేరేంటి ఆచారీ ఆ దేవుడిది? పేరు లేనివాణ్ణి ఏమని పిలవను, ఎక్కడికి పొమ్మనను?" అన్నాడు. నాన్న ఇంటికొచ్చి బెల్లం డబ్బా తీసి నాలుగు ముక్కలు విరుచుకుని తోటకి నడిచాడు. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం పని ముగించి, చేతులు కడుక్కుని, నాలుగు ముక్కలు పట్టుకుని మైలున్నర నడిచేవాడు. పాకలో వాటిని ఒకదాని మీద ఒకటి పడేసి ఉంచేవారు. వాటి మొహాలు తుడిచి, ముక్క పెట్టి వచ్చేవాడు. వానైనా అంతే, జ్వరమైనా అంతే. ఊళ్ళోవాళ్ళు వెనకాల నవ్వుకున్నారు, అమ్మ ఎదురుగానే తిట్టింది. నాకు సిగ్గుగా ఉండేది. బడిలో పిల్లలు అడుగుతారేమోనని ఆయనతో కలిసి ఆ దారిన నడిచేదాన్ని కాదు. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రాయుడుగారు పోయాక తోట చేతులు మారింది. అప్పటికి నాకు పెళ్ళై రాజమండ్రి వచ్చేశాను. ఒక విగ్రహాన్ని వరదలప్పుడు ఎవరో నీటికి అడ్డం పడేస్తే గోదారిలో కొట్టుకుపోయింది. రెండింటిని పాకతో పాటు వంటచెరుకు కింద కొట్టేశారు. ఆ కబురు తెలిసిన రోజు నాన్న నూతి దగ్గరికి వెళ్ళి బట్టలతోనే తలమీద నీళ్ళు పోసుకున్నాడట, ఇంట్లో మనిషి పోతే చేసినట్టు. ఎన్నేళ్ళుగానో తిట్టిన అమ్మ ఆ రోజు చేదతో నీళ్ళు తోడి ఇచ్చిందట. మిగిలిన ఒక్కదాన్ని రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నాడు. పోయేముందు నన్ను పిలిచి, "తమ్ముడికి కుదరదే. నువ్వు చూసుకో" అన్నాడు. ఏం చూసుకోవాలో చెప్పనక్కర్లేదు.

అప్పటినుంచి నలభై ఏళ్ళు పైనే, రోజూ సాయంత్రం నా చేతిలో ఒక బెల్లం ముక్క. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముందు దానికి పెట్టి తరవాత పిల్లకి పాలు కలిపేదాన్ని. మా ఆయన దానికి బావమరిది అని పేరు పెట్టారు. "మా బావమరిదికి పెట్టావా? పెట్టకపోతే నన్ను కొరికేలా చూస్తున్నాడు" అని వేళాకోళం చేసేవారు గానీ, నేను పురిటికి వెళితే ఆయనే పెట్టారు, ఒక్కరోజు తప్పకుండా. ఇల్లు మారినప్పుడల్లా రిక్షాలో నా ఒళ్ళో దాన్నే పెట్టుకుని వెళ్ళాను. ఆ పురుడు తప్పిస్తే రెండు రోజులకి మించి ఊరు దాటి ఉండలేదు. కాశీ చూడలేదు. నమ్మకమా అంటే చెప్పలేను. నేను సైన్సు చెప్పినదాన్ని. నాన్న మొదలుపెట్టిన మైలున్నర నడక ఎవరో ఒకరు నడవాలి కదా అని, అంతే. మా ఆయన పోయాక అది కూడా అలసటగానే మారింది. డబ్బా మూత తీస్తుంటే ఒక్కోసారి, అబ్బ, ఇంకా ఎన్నాళ్ళు అనిపించేది. ఆ మాట పైకి అనడానికి నాకెవరూ లేరు.

ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. తునిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోవాలని నిశ్చయమైంది. రెండు గదుల ఇల్లు వాళ్ళది. "నువ్వు రా అమ్మా, దాన్ని మాత్రం తేకు. చంటిది దాని నోరు చూసి జడుసుకుంటోంది" అంది అమ్మాయి. తప్పు పట్టలేను. చెత్తలో వెయ్యలేను, గోదారిలో కలపలేను, గుడిలో ఇస్తే పుచ్చుకోరు. సరిగ్గా అలాంటప్పుడే స్రవంతి వచ్చింది. వెటకారం కాకపోతే ఏంటిది, ఏ వేడుకలో సిగరెట్లు ఆర్పారో మళ్ళీ ఆ వేడుకే దాన్ని రమ్మంటోంది. వారం రోజులు కొట్టుమిట్టాడాను. చివరికి ఫోను చేసి, విషయమంతా చెప్పి, రోజూ సాయంత్రం బెల్లం పెట్టే మనిషి ఉంటేనే ఇస్తానన్నాను. నవ్వుతుందనుకున్నాను. "హౌస్‌కీపింగ్ చెక్‌లిస్టులో పెట్టిస్తాను ఆంటీ. ఐదున్నరకి బెల్లం, టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి" అంది చాలా సీరియస్‌గా. నాకు ఒళ్ళు మండింది, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది. "అక్కడి ద్వీపాల వాళ్ళకి ఇవి నిజంగా దేవుళ్ళేనటండి, వాళ్ళ పెద్దలటండి. చదువుతుంటే తెలిసింది. మీ నాన్నగారు కరెక్టేనండి." ఇన్నేళ్ళలో మా నాన్నని కరెక్టన్న మొదటి మనిషి. ఇచ్చేస్తానన్నాను.

దాన్ని తీసుకెళ్ళిన నెలకి పండుగ. కారు పంపించారు. ఆ కొవ్వూరు తోటలాగే ఉంది, కాగడాలు, తాటాకు కప్పులు, గిటారు. కాకపోతే కాగడాల్లో కరెంటు దీపాలు, పూలదండలు ప్లాస్టిక్‌వి, ఫైబరుతో పోతపోసిన విగ్రహాలు ఇరవై దాకా, అన్నీ ఒకే అచ్చు. అప్పట్లో దండలు వెయ్యడం చూసి కడియం ఆడవాళ్ళు పడి పడి నవ్వారు, ఇక్కడ ఎవరి దండ వాళ్ళే వేసుకుని ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. అప్పుడంతా బాగుందని అనను, అప్పుడే కదా నోట్లో సిగరెట్టు ఆర్పింది. ఇప్పుడలా ఎవరూ చెయ్యడంలేదు, పొగ తాగొద్దని బోర్డుంది. కానీ అప్పుడు ఒక మనిషి చెయ్యి వణికింది. ఇక్కడ ఎవరి చెయ్యీ వణికేలా లేదనిపించింది. మోకాళ్ళు లాగుతున్నా మావాడెక్కడని వెతుక్కుంటూ వెళ్ళాను. పమిట కొంగున బెల్లం ముక్క కట్టుకునే వెళ్ళాను, చెక్‌లిస్టుని నేనేం నమ్ముతాను!

పండుగ సందడికి దూరంగా, ఏటివైపున, పొన్నచెట్టు కింద నిలబెట్టారు. మొహం కడిగి పసుపు రాశారు. ముందు విస్తరాకు. రిసార్టు చీర కట్టుకున్న ఒకావిడ అక్కడ చీపురుతో ఊడుస్తోంది. నా ఈడు కాదు గానీ తల నెరిసిన మనిషే. పేరు నూకరత్నమట, అంతర్వేది వైపు చేపలు పట్టే వాళ్ళ ఆడపడుచునని చెప్పింది. నేను కొంగు ముడి విప్పుతుంటే చూసి, "పెట్టేశానండి. ఈ పూటది అయిపోయింది" అంది.

"బెల్లమేనా?" అన్నాను.

"బెల్లం కాయితంలో రాసుంది కదండి, అదీ పెట్టాను. పైన చేపల పులుసు పెట్టానండి, రోజూ పెడతన్నాను. సముద్రంలో దేవుడంట కదండి! చేప లేకుండా ఎలా ఉంటాడండి, పాపం? ఇన్నాళ్ళూ ఏం పెట్టారండి మీరు?"

రెండు తరాల బెల్లం తిన్న ఆ నోటి చుట్టూ ఎర్రగా పులుసు అంటుకుని ఉంది. నాన్న వానలో నడిచి, జ్వరంలో నడిచి, ఒక్కరోజు కూడా అడగలేదు వాడికేం ఇష్టమో. నేనూ అడగలేదు. "మీరు లేనిరోజు?" అని మాత్రం అడిగాను.

"మా కోడలు వస్తాదండి. దానికి చెప్పేశాను. మీరు నిలబడలేకపోతన్నారు, వెళ్ళి కూర్చోండమ్మా" అంది, చీపురుతో నా కాళ్ళ దగ్గర చోటు ఊడుస్తూనే.

నాకు ఏడుపొచ్చింది. దారిలో స్రవంతి చూసి కంగారుపడితే సంతోషమని చెప్పాను. అబద్ధం. అది అసూయ. నలభై ఏళ్ళు కాపరం చేసినవాణ్ణి నెల రోజుల్లో ఎవరో సొంతం చేసుకున్నంత అసూయ. బహుశా నాన్నకైనా ముందు అదే కలిగి ఉండేది. కారు తలుపు వేస్తూ ఆ పిల్ల, "మళ్ళీ ఏడాది పండక్కి తప్పకుండా రావాలి ఆంటీ" అంది.

"రానమ్మా" అన్నాను.

"ఏంటి ఆంటీ, మేమేమైనా తప్పు చేశామా?"

"లేదమ్మా. బాగా చూసుకుంటున్నారు. ఇక నాతో పని లేదు" అని చెప్పి, తుని ప్రయాణానికి రేపటికే టిక్కెట్టు తియ్యమని అమ్మాయికి ఫోను చేశాను.